యజమాని లేని పాటల అంగడి

వ్యాపార చరిత్రలలో గుమాస్తాలకు చోటు తక్కువ. పెట్టుబడి పెట్టినవాని పేరుంటుంది, సరుకు తయారుచేసినవాని పేరుంటుంది. బల్ల వెనక నిలబడి ఏది మంచి సరుకో, ఏది కాదో కొనవచ్చినవారికి చెప్పినవాని పేరు మాత్రం ఎక్కడా కనబడదు. బ్రిటన్ ఆధునిక సంగీత చరిత్ర చదివేకొద్దీ ఈ లోటు నాకు మరింత కొట్టవచ్చినట్టు కనిపించింది. 1970ల చివర ఆ దేశపు పాటను మలుపు తిప్పినవారిలో కొందరు అంతకుముందు చిన్నచిన్న రికార్డుల కొట్లలో పనిచేసినవారే. మరే కొలువులోనూ ఇమడలేని కుర్రకారు వారు. వారిని కొలువులో ఉంచుకొన్న యజమానులూ ఒకరకంగా అలాంటివారే.

ఆ కొట్లన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది లండనులోని రఫ్ ట్రేడ్. ఎందుకంటే, పనివాళ్లకు యజమాని అనేవాడు అసలు అవసరమా అన్న ప్రశ్నను ఆ కొట్టు ఉత్తమాటలతో వదిలిపెట్టక, జీతాల పద్దులోకి ఎక్కించి పరీక్షించి చూసింది.

ముందుగా ఆనాటి పరిస్థితి కొంత చెప్పాలి. 1970లలో బ్రిటన్‌లో పాట జనం దగ్గరికి చేరాలంటే ఈఎంఐ, సీబీఎస్ వంటి పెద్ద కంపెనీల గుమ్మం తొక్కక తప్పేది కాదు. రికార్డు అచ్చువేయించుకోవడం డబ్బుంటే ఎవరికైనా సాధ్యమే. దానిని ఊరూరా కొట్లకు చేర్చే ఏర్పాటు మాత్రం ఆ పెద్దవారి చేతిలోనే ఉండేది. ఈ గొలుసుకు చెందని కొట్టునే ఇండిపెండెంట్ షాపు అనేవారు. అక్కడ ఏ సరుకు పెట్టాలో పై కార్యాలయం నుంచి ఉత్తరువు రాదు. కొట్టులో ఉన్నవారి చెవే ప్రమాణం.

1952లో పుట్టిన జెఫ్ ట్రావిస్ కేంబ్రిడ్జిలో చదివినవాడు. అమెరికా అంతటా తిరుగుతూ పాత సామాన్ల కొట్లలో చవకగా దొరికిన రికార్డులను వందల సంఖ్యలో పోగుచేశాడు. శాన్ ఫ్రాన్సిస్కోలోని సిటీ లైట్స్ పుస్తకాల షాపు అతనికి బాగా నచ్చింది. కొన్నా కొనకపోయినా అక్కడ ఎంతసేపైనా కూర్చుని చదువుకోవచ్చు. అలాంటి చోటు పాటలకు కూడా ఉండాలన్న తలంపుతో 1976 ఫిబ్రవరిలో లండను లాడ్‌బ్రోక్ గ్రోవ్ ప్రాంతంలో, కెన్సింగ్టన్ పార్క్ రోడ్డు 202వ నంబరు ఇంట కొట్టు తెరిచాడు.

ఆ పేటలో కరీబియన్ దీవుల నుంచి వలసవచ్చిన కుటుంబాలు అనేకం. కనుక జమైకా నుంచి దిగుమతయ్యే రెగే రికార్డులు మొదటినుంచీ ఆ కొట్టుకు ముఖ్యమైన సరుకు. కొట్టులో కుర్చీలుండేవి. స్పీకర్లు పెద్దవి. వచ్చినవారిని ఏం కావాలని తొందరపెట్టే అలవాటు లేదు. కొట్టు తెరిచిన కొద్ది నెలలకే పంక్ సంగీతం పుట్టుకొచ్చింది. మార్క్ పెర్రీ అనే కుర్రవాడు 1976లో నడిపిన ‘స్నిఫిన్ గ్లూ’ వంటి, టైపుచేసి జిరాక్సు తీసి పిన్నులు కొట్టిన పత్రికలు అక్కడ దొరికేవి. ఆ పాటలనూ ఆ పత్రికలనూ వెతుక్కుంటూ వచ్చినవారిలో కొందరు సాయంత్రమైనా కదలలేదు, కొన్నాళ్లకు బల్లకు అవతలి పక్కకు చేరారు. నాకు తెలిసినంతలో ఇలాంటి కొట్లలో ఉద్యోగ నియామకం ఎక్కువగా జరిగిన పద్ధతి ఇదే.

ఈ పిల్లలు ఎందుకు ఇక్కడికి చేరారో అర్థంకావాలంటే దేశం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1982 జనవరి నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. తండ్రులు పనిచేసిన రేవులూ కర్మాగారాలూ మూతబడుతున్నాయి. బడిలో పనికిరాడనిపించుకొన్న పిల్లవానికి ఏ రికార్డు ఎక్కడ అచ్చయిందో, ఏ డ్రమ్ముల దెబ్బ ఎవరిదో కంఠతా వచ్చు. ఆ విద్యకు విలువకట్టే చోటు ఊరు మొత్తంలో ఒక్కటే ఉండేది.

ఆ విలువ ఎటువంటిదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1977 జనవరిలో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందం బంధుమిత్రుల వద్ద అప్పుచేసి ‘స్పైరల్ స్క్రాచ్’ అనే రికార్డును స్వయంగా 1000 ప్రతులు వేసింది. పెద్ద కంపెనీ ఏదీ అండలేకుండానే అది క్రమంగా 16,000 వరకూ అమ్ముడుపోయింది. రఫ్ ట్రేడ్ వంటి కొట్లు తెప్పించి పెట్టకపోతే ఇది జరిగేపని కాదు. రెండవది 1978 నాటి మాట. డేనియల్ మిల్లర్ అనే ఫిల్ము ఎడిటరు ఇంట్లోనే తయారుచేసిన రికార్డు నమూనాను పట్టుకొని రఫ్ ట్రేడ్‌కు వచ్చాడు. ఆయన అనుకొన్నది 500 ప్రతులు. కొట్టువాళ్లు అక్కడికక్కడే వాయించి విని, 2000 వేయమని చెప్పి, పంపిణీ బాధ్యత తాము తీసుకొన్నారు. మ్యూట్ అనే ప్రసిద్ధ సంస్థ పుట్టుక అదే.

వాళ్ల చెవి ఎన్నడూ పొరబడలేదని నేననను. డెపెష్ మోడ్ అనే బృందం తమ టేపుతో అదే కొట్టుకు వస్తే అక్కడివారికి అది నచ్చలేదు. అక్కడే ఉన్న మిల్లర్‌కు వినిపించమన్నారు. ఆ రోజు ఆయనకూ ఆసక్తి కలగలేదు. తరవాత ఒక కచేరీలో విని చేరదీశాడు. మ్యూట్‌ను ఎన్నో ఏళ్లు నిలబెట్టింది ఆ బృందమే.

తక్కిన ఊళ్లలోనూ ఇటువంటి కొట్లుండేవి. లివర్‌పూల్‌లో 1971లో జెఫ్ డేవిస్ తెరిచిన ప్రోబ్ షాపులో పీట్ బర్న్స్ అనే యువకుడు పనిచేసేవాడు. కళ్లకు కాటుక, తలమీద విచిత్రమైన కేశాలంకరణ. అంతకంటె విచిత్రం అతని నోటిదురుసు. తనకు నచ్చని రికార్డు అడిగినవారిని ఎగతాళి చేసి పంపేవాడు. ఏ శెట్టిగారైనా అటువంటి గుమాస్తాను ఒక పూటకంటె ఎక్కువ ఉంచుకొంటారా? డేవిస్ ఉంచుకొన్నాడు. తిట్లు తినడానికే వచ్చేవారు కూడా తయారయ్యారు! 1985లో అదే బర్న్స్ గొంతు డెడ్ ఆర్ అలైవ్ బృందం పాటతో దేశంలో మొదటి స్థానానికి చేరింది. లండనులోనే బెగర్స్ బాంక్వెట్ షాపుల యజమాని మార్టిన్ మిల్స్ మరో మార్గం తొక్కాడు. తన కొట్లలో పనిచేస్తున్న ఐవో వాట్స్-రస్సెల్, పీటర్ కెంట్ అనేవారికి 1980లో పెట్టుబడి ఇచ్చి, మీకు నచ్చిన రికార్డులు మీరే వేసుకోండని వదిలిపెట్టాడు. ఫోర్ ఏడీ అనే సంస్థ అలా పుట్టింది.

ఈ ఇద్దరూ యజమానులుగానే ఉండి ఔదార్యం చూపారు. ట్రావిస్ యజమానిత్వాన్నే వదులుకోవాలనుకొన్నాడు. రఫ్ ట్రేడ్‌ను సహకార పద్ధతిలో నడిపారు. పాటను ఎంపికచేసేవారికీ, అట్టపెట్టెలు కట్టేవారికీ ఒకే జీతం. నిర్ణయాలు సమావేశాలలో జరగాలి. 1978 నుంచి స్వయంగా రికార్డులు వేయడం మొదలుపెట్టినప్పుడు కళాకారులతో ఒప్పందమూ అదే తీరు: ఖర్చులు పోగా వచ్చిన లాభంలో చెరి సగం. స్త్రీలను కించపరిచే సరుకు, జాతివిద్వేషం ఉన్న సరుకు అమ్మరాదన్న పట్టింపు కూడా ఉండేది.

వినడానికి ముచ్చటగా ఉంది. ఆచరణలో? పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. సమావేశాలు సాగేవి, వాదాలు పెరిగేవి. అంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటుంది. జీతం సమానమైనంత మాత్రాన మాట సమానం కాదు. ఏ బృందం రికార్డు వేయాలన్నది చాలావరకు ట్రావిస్ చెవిని బట్టే జరిగేది. 1970ల ఆరంభంలో అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ ఒక వ్యాసంలో ఈ సంగతినే వివరించింది. నాయకులు లేరని ప్రకటించుకొన్న సంఘంలో నాయకత్వం మాయం కాదు, కంటికి కనబడకుండా పోతుంది. కనబడని నాయకుణ్ణి జవాబు అడగడం కష్టం. రఫ్ ట్రేడ్ చరిత్రకు ఇంతకంటె సరిపోయే వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

ఇంతలో విజయం వచ్చిపడింది. రఫ్ ట్రేడ్ వేసిన మొదటి ఆల్బం, బెల్‌ఫాస్ట్ బృందం స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ పాడినది, 1979లో అమ్మకాల పట్టికలో 14వ స్థానానికి ఎక్కి లక్ష ప్రతులు దాటింది. బ్రిటన్‌లో స్వతంత్ర సంస్థ వేసిన ఆల్బం అంతగా అమ్ముడుపోవడం అదే మొదలు. యార్క్, బ్రిస్టల్, నార్విచ్, లివర్‌పూల్, ఎడిన్‌బరో తదితర పట్టణాల సంస్థలతో కలిసి కార్టెల్ అనే పంపిణీ కూటమి ఏర్పడింది. పెద్ద కంపెనీల గొలుసుకు బదులుగా చిన్నవారి గొలుసు తయారయింది. రిచర్డ్ స్కాట్ అనే సహచరుని కృషి ఇందులో ఎక్కువ. 1983లో ది స్మిత్స్ బృందం చేరింది. వారి రెండవ ఆల్బం 1985లో దేశంలో ప్రథమ స్థానం పొందింది.

కొట్టుగా మొదలైన సంస్థకు ఇప్పుడు కొట్టే ఒక మూల. డబ్బు వచ్చేది, ఖర్చయ్యేది గిడ్డంగిలోనూ ఒప్పందాలలోనూ. 1982లో కొట్టును తక్కిన వ్యాపారం నుంచి విడదీశారు. దానిని తీసుకొన్నవారు బయటి వర్తకులు కారు. బల్ల వెనక పనిచేస్తూ వచ్చిన నైజెల్ హౌస్, పీట్ డాన్, జూడ్ క్రైటన్ అనే ముగ్గురు. మరుసటి ఏడు వారు దానిని దగ్గరలోనే ఉన్న టాల్బట్ రోడ్డులోని చిన్న గదికి మార్చారు. ఆనాడు చూసినవారికి పండు ఒకరికి, తొక్క మరొకరికి దక్కినట్టు తోచి ఉండాలి.

పండు ఎక్కువకాలం నిలవలేదు. స్మిత్స్‌తో వివాదం కోర్టు వరకు వెళ్లింది. వారు పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకొని, 1987లో విడిపోయారు. పంపిణీ విభాగం తాహతుకు మించి పెరిగింది. పెద్ద భవనం, కొత్త కంప్యూటరు ఏర్పాటు, వసూలుకాని బాకీలు అన్నీ కలిసి 1991లో దానిని కూల్చివేశాయి. దానిమీద ఆధారపడిన చిన్న సంస్థలకు రావలసిన డబ్బు చిక్కుకుపోయింది. ఏ చిన్నవారి కోసం ఆ గొలుసు కట్టారో వారినే అది ముందుగా దెబ్బతీసింది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించే ఘట్టమిది. రఫ్ ట్రేడ్ పేరుతో రికార్డుల సంస్థను ట్రావిస్, ఆయన సహచరి జెనెట్ లీ మళ్లీ నిలబెట్టేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

కొట్టు మాత్రం మూతపడలేదు. అది ఎలా బతికిందో తెలిపే ఉదంతం ఒకటుంది. నిర్వాణా బృందపు కర్ట్ కోబేన్ 1992లో లండను వచ్చినపుడు, రెయిన్‌కోట్స్ అనే స్త్రీల బృందం పాత రికార్డు కోసం టాల్బట్ రోడ్డు కొట్టుకు వెళ్లాడు. ఆనాటికి ప్రపంచంలో అంతకంటె పేరున్న యువగాయకుడు అరుదు. రికార్డు దొరకలేదు. అయితే బల్ల వెనకున్న మహిళ, ఆ బృందపు అనా డ సిల్వా దగ్గరలోనే ఒక పురాతన వస్తువుల షాపులో పనిచేస్తున్నదని చెప్పి, దారి గీసిన కాగితం చేతికిచ్చింది. ఆయన వెళ్లి కలిశాడు. అదే సంవత్సరం చివర వెలువడిన తమ ఆల్బం అట్టమీద ఈ సంగతి రాశాడు. ఆ పిమ్మట రెయిన్‌కోట్స్ పాత ఆల్బములు తిరిగి అచ్చయి, విడిపోయిన బృందం మళ్లీ కలిసింది. సరుకు లేకపోయినా కొట్టు చేయవలసిన పని చేసింది!

తరవాతి కాలం రికార్డుల షాపులకు గడ్డుకాలం. అమెరికాలో టవర్ రికార్డ్స్ 2006లో మూతపడింది. బ్రిటన్‌లో ఫోప్ 2007లో, జావీ 2008 చివర, హెచ్ఎంవీ 2013లో దివాలా స్థితికి చేరాయి. గొలుసు షాపులు ఒక్కొక్కటే తెగుతున్న ఆ 2007లోనే రఫ్ ట్రేడ్ కొట్టువాళ్లు తూర్పు లండను బ్రిక్ లేన్ పక్కన ఇంకా పెద్ద షాపు తెరిచారు. 2013లో న్యూయార్క్‌కూ వెళ్లారు.

ఇంతకూ యజమాని అవసరమా? నా అభిప్రాయం ఇది. రఫ్ ట్రేడ్ సహకార ప్రయోగం విఫలమయిందని తేల్చేవారు గిడ్డంగి లెక్కలనే చూస్తారు. సమాన జీతమిచ్చిన ఆ ఏళ్లలో బల్ల వెనక నిలబడినవారికి, ఈ కొట్టు తమదేనన్న భావం కలిగింది. తమ చెవికీ, తమ మాటకూ బయట లేని గౌరవం అక్కడ ఉన్నదని వారికి తెలిసింది. అందుకే అమ్మకానికి వచ్చినపుడు తొక్క అనుకొన్నదానిని వదలలేక తీసుకొన్నారు. యజమాని తన అధికారం ఎంతవరకు నిజంగా వదులుకొన్నాడో ఇప్పుడు తేల్చలేం. పనివాళ్లు ఆ మాట నమ్మారు, నమ్మినట్టే నడుచుకొన్నారు. లక్షల రికార్డులు తిప్పిన గిడ్డంగి పోయి ముప్పై ఏళ్లు దాటింది. ముగ్గురు గుమాస్తాలు తీసుకొన్న ఆ చిన్న గది మాత్రం నిలిచింది.