పంగలకర్ర బాక్టీరియా ఏం తిని పెరుగుతుంది?

తల్లిపాలు తాగే పసిపిల్లల మలంలో పంగలకర్రలా రెండుగా చీలిన బాక్టీరియాను 1899లో హెన్రీ టిస్సియే గుర్తించాడు. అప్పటికి ఆయన పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్నాడు. ఆ చీలికను బట్టే దానికి బిఫిడస్ అన్న పేరు వచ్చింది. ఈనాటి బిఫిడోబాక్టీరియా ఇదే.

ఇది తల్లిపాలతోనే అంతగా ఎందుకు పెరుగుతుందన్నది 1950లలో అమెరికాలో పాల్ జ్యోర్జి పరీక్షించాడు. తల్లిపాలు కలిపితేనే ఏపుగా పెరిగే ఒక బిఫిడస్ రకాన్ని ఎంచుకుని, దానినే కొలమానంగా వాడాడు. ఆవుపాలు కలిపితే దాని ఎదుగుదల చాలా తక్కువ. గుట్టంతా తల్లిపాలలోని ఒలిగోశాకరైడ్లది. ఈ చక్కెర గొలుసులు బిడ్డ పొట్టలో అరగవు, పెద్దపేగుదాకా చేరతాయి. తల్లి తన బిడ్డతోపాటు ఆ బిడ్డ పేగులోని సూక్ష్మజీవులకూ పాలు పడుతోందన్నమాట. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన విషయం మరొకటి లేదు.

పెద్దవాళ్లలో ఇలా బిఫిడోను పోషించే పీచుల్లో ముఖ్యమైనది ఇనులిన్. షికోరి వేరులో దండిగా, ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో కొంత ఉంటుంది. దీన్ని మొదట గాజు సీసాల్లో పరీక్షిస్తారు. తాజా మలాన్ని ద్రావణంలో కలిపి, నత్రజని పంపి ఆక్సిజన్‌ను తరిమేసి, 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఒక సీసాలో పీచు, ఇంకోదాంట్లో గ్లూకోజు వేస్తారు, మూడోదాంట్లో ఏమీ వేయరు. గ్లూకోజు వేస్తే మంచీచెడూ అన్నీ పెరుగుతాయి. పీచు వేసినప్పుడు బిఫిడో మాత్రమే మిగతావాటిని మించి పెరగాలి. పరీక్ష అంతా దీనికోసమే.

మనుషుల్లో దీన్ని గట్టిగా చూపించిన అధ్యయనం కేంబ్రిడ్జిలో గ్లెన్ గిబ్సన్ బృందం చేసి, 1995లో ప్రచురించినది. పాల్గొన్నవాళ్లు 8 మందే. 45 రోజులు లెక్క ప్రకారం భోజనం పెట్టారు. అందులో రోజూ 15 గ్రాముల చక్కెర. మధ్యలో 15 రోజులు ఆ చక్కెర తీసేసి, ఇనులిన్ లాంటిదే అయినా పొట్టి గొలుసులున్న ఒలిగోఫ్రక్టోజును అంతే మోతాదులో ఇచ్చారు. నలుగురికి తర్వాత ఇనులిన్ కూడా ఇచ్చారు. మొదటిదానితో బిఫిడో సంఖ్య సుమారు 5 రెట్లు, ఇనులిన్‌తో దాదాపు 8 రెట్లు పెరిగింది. మొత్తం బాక్టీరియా సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు.

బిఫిడో వంటివాటిని పెంచే ఇలాంటి ఆహారానికి ప్రీబయోటిక్ అన్న మాటను గిబ్సన్, మార్సెల్ రాబర్‌ఫ్రాయ్‌డ్ కలిసి ఆ ఏడాదే ప్రవేశపెట్టారు. ఆ తర్వాత జన్యుగుర్తులతో లెక్కించే పద్ధతులు రావడంతో, ప్రయోగశాల పళ్లేలలో పెంచలేని జీవులూ లెక్కకు వచ్చాయి. సూక్ష్మజీవులు పీచును తిన్నప్పుడు పేగులో తయారయ్యే ఎసిటేట్, బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను కొలవడమే ఇప్పటికీ కష్టం. వాటిలో చాలాభాగాన్ని పేగుగోడే పీల్చేసుకుంటుంది, మలంలో కనిపించేది మిగులు మాత్రమే. బిఫిడో మొదట తక్కువగా ఉన్నవాళ్లలోనే పెరుగుదల ఎక్కువగా కనబడటం మరో చిక్కు.

2017లో నిపుణులు సవరించిన నిర్వచనం ప్రకారం, ఒక పదార్థాన్ని ప్రీబయోటిక్ అనాలంటే సూక్ష్మజీవుల్లో కొన్నే దాన్ని ఎంచుకుని వాడుకోవాలి, దానివల్ల ఆరోగ్యానికి మేలూ జరగాలి. బిఫిడో సంఖ్య పెరిగిందని చూపిస్తే సగం రుజువే.