లైనక్స్ కెర్నల్ బగ్: ఐదేళ్లు ఎవరి కంటా పడలేదు.. ఒక్క ‘లాక్’తో చెక్!

మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌కి గుండెకాయ లైనక్స్ కెర్నలే. దాని నెట్‌వర్క్ కోడ్‌లో 2011 ఆగస్టులో చేరిన ఓ లోపం 2016 చివర్లో గానీ బయటపడలేదు. పరిశోధకుడు ఫిలిప్ పెటర్సన్ గుర్తించిన ఈ బగ్ నంబర్ సీవీఈ-2016-8655. ఇదో ‘రేస్ కండిషన్’. అంటే రెండు పనులు పోటీపడితే, ఏది ముందు జరిగిందన్న దాన్నిబట్టి ఫలితం తారుమారవడం.

అసలేంటీ సమస్య?

నెట్‌వర్క్ ప్యాకెట్లను నేరుగా పట్టుకునే ‘ప్యాకెట్ సాకెట్’కి కెర్నల్ మెమరీ కేటాయిస్తుంది. వెర్షన్ 3 అయితే ఒక టైమర్ కూడా మొదలెడుతుంది. సాకెట్ మూసేటప్పుడు వెర్షన్ చూసి ఆ టైమర్‌ని ఆపేస్తుంది. చిక్కంతా ఇక్కడే. కేటాయింపు పూర్తికాకముందే మరో థ్రెడ్ వెర్షన్‌ను 1కి మార్చేస్తే? మూసేటప్పుడు కెర్నల్ టైమర్ జోలికే వెళ్లదు. మెమరీ ఖాళీ అయినా, అందులోని టైమర్ నడుస్తూనే ఉంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేశాక కూడా పాతవాళ్ల దగ్గర తాళంచెవి ఉండిపోయినట్టన్నమాట! దీన్ని అడ్డం పెట్టుకుని కొన్ని సిస్టమ్‌లలో మామూలు యూజర్ ఏకంగా రూట్ అధికారాలు దక్కించుకోవచ్చు.

ఎలా సరిచేశారు?

రెండు పనులకూ ఒకే సాకెట్ లాక్ పెట్టారు. మెమరీ కేటాయింపు నడుస్తుంటే వెర్షన్ మార్పు ఆగాల్సిందే. ‘ఇప్పుడు మార్చొచ్చా?’ అనే తనిఖీ కూడా లాక్ తీసుకున్నాకే జరుగుతుంది. తనిఖీకీ, మార్పుకీ మధ్య ఇంకెవరూ దూరలేరు.

మీరేం చేయాలి?

ఇలాంటి ప్యాచ్‌లు మీ ఫోన్‌కి చేరేది సెక్యూరిటీ అప్‌డేట్ల రూపంలోనే. నోటిఫికేషన్ వస్తే ‘తర్వాత’ అని పక్కన పెట్టకండి.