రాణిపేట మూట, గుడియాత్తం మడి

మా ఇంట్లో ఒకే వస్తువుకి మూడు పేర్లు. నానమ్మకి ఎరువు, కన్నడ బడిలో చదివిన మాకు గొబ్బర, గుడియాత్తం అంగడిలో అడగాలంటే ఉరం. తెలుగులో ఎరువంటే అప్పుగా తెచ్చుకున్నది అని కూడా అర్థం ఉందని మాకు ఈమధ్యే తెలిసింది.

దేశంలో మొదటి రసాయన ఎరువుల ఫ్యాక్టరీ 1906లో మన వేలూరు దగ్గరి రాణిపేటలోనే పెట్టారు. ప్యారీ కంపెనీ వాళ్ళది. అప్పుడు రాణిపేట, గుడియాత్తం, చిత్తూరు అన్నీ ఒకటే ఉత్తర ఆర్కాడు జిల్లా, కలెక్టరు కచేరీ చిత్తూరులో. 1911లో చిత్తూరు జిల్లా వేరైంది, మనవాళ్ళు ఇవతలే ఉండిపోయారు.

అక్కడ చేసింది సూపర్ ఫాస్ఫేటు. ఎముకల్లో, ఫాస్ఫేటు రాతిలో భాస్వరం ఉంటుంది గానీ నీళ్ళల్లో సరిగా కరగదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే కరుగుతుంది, వేరు తాగుతుంది. అంటే మొదటి ఫ్యాక్టరీ పని కూడా ఎక్కువ వేయించడం కాదు, వేసింది పైరుకి అందించడం. అంతకుముందు చెరువు మట్టి తోలడం, కానుగ రొట్ట తొక్కడం, గొర్రెల మంద పెట్టించడం, ఇవే.

యూరియా వచ్చాక ఆ లెక్క మరిచిపోయాం. వరి మడిలో చల్లిన నత్రజనిలో తరచుగా సగం కూడా పైరుకి చేరదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత కిందికి దిగుతుంది. ఆ కింద ఉన్నది మేం తాగే బావి నీళ్ళే కదా! 2015లో దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి చేశారు, నత్రజని నెమ్మదిగా విడుదల కావాలని. మా పెదనాన్న అంతకు చాలా ముందే వేపపిండి కలిపి చల్లేవారు. అప్పట్లో ఇంట్లో అందరం నవ్వాం.

2021లో ఇఫ్కో నానో యూరియా వచ్చింది. అర లీటరు సీసా ఒక మూటకి సమానం అన్నారు. తప్పులు వెతకడమే మా ఉద్యోగం కాబట్టి లెక్క వేశాం. 45 కిలోల మూటలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 20 కిలోలు. మొదట వచ్చిన సీసాలో 4 శాతం, అంటే 20 గ్రాములు. ఆకుమీద చల్లితే వృథా తగ్గుతుంది, నిజమే, కానీ వెయ్యి రెట్ల తేడా ఎలా పూడుతుంది? ఇదే ప్రశ్న శాస్త్రవేత్తలూ అడిగారు. పెదనాన్నకి మాత్రం మూట మానేయొద్దనే చెప్పాం.

మాకు నచ్చింది ప్లాస్టిక్‌తో చేసిన ఆకు రంగుల పట్టీ. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేసేదే. నాటిన 14 రోజుల నుంచి వారానికోసారి, పైన పూర్తిగా విచ్చిన ఆకుని పట్టీ పక్కన పెట్టి చూడాలి. వెల్లపొన్నికి 3, మిగతా చాలా రకాలకి 4. పది ఆకుల్లో ఆరు అంతకంటే పాలిపోతేనే యూరియా వేయాలి. వేసేముందు పరీక్షించడం, అంతే.

పోయిన పొంగలికి వెళ్ళినప్పుడు పెదనాన్న మడిలో దిగారు. ఎండ పడితే రంగు తప్పు కనిపిస్తుందని పట్టీ మీదికి వంగి తన నీడ పడేలా నిలబడ్డారు. పదింటిలో నాలుగే పాలిపోయాయి. తెచ్చిన మూట విప్పకుండానే ఇంటికి మోయించారు.