లేఖకుని వేడుకోలు: వ్రాతప్రతుల రక్షణలో కట్టు స్థానం

తాళపత్ర ప్రతుల చివర లేఖకులు వ్రాసే సంస్కృత శ్లోకమొకటి గ్రంథపరిష్కర్తలకు సుపరిచితం. నూనె నుండి, నీటి నుండి, సడలిన కట్టు నుండి తనను కాపాడమనీ, మూర్ఖుని చేతికి ఇవ్వవద్దనీ పుస్తకమే అందులో మొరపెట్టుకుంటుంది. ప్రతి కాలాన్నీ లేఖకుని పేరునూ గ్రహించి మనం ఈ శ్లోకాన్ని ఆనవాయితీగా దాటవేస్తాం. గ్రంథాలకు వాటిల్లే ఆపదల పట్టికగా దీనిని చదవవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

నూనె ప్రసక్తి మొదట వింతగా తోస్తుంది. ఆకులు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె పూయడం మనకు తెలిసిన పద్ధతే కదా! ఇక్కడి భయం ప్రమిద ఒలకడం గురించి కావచ్చు. నీటి విషయంలో తాటాకు కొంత మొండిది. మసి కడుక్కుపోయినా గంటంతో గీసిన అక్షరం గాడిగా మిగులుతుంది. మళ్ళీ మసి పట్టిస్తే చదవవచ్చు. అయితే తడిసిన ఆకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఎండలో పెడితే వంకరపోయి విరుగుతాయి.

అసలు విశేషం మూడవది. నీటి సరసన సడలిన కట్టును ఎందుకు చేర్చాలి? తాటాకు పుస్తకంలో ఆకుల క్రమాన్ని నిలిపేవి రంధ్రం గుండా పోయే తాడు, రెండు చెక్కలు మాత్రమే. తాడు తెగితే మిగిలే ఆధారం అంచున వేసిన పత్రసంఖ్య. ముందుగా రాలిపోయేదీ ఆ అంచే. ప్రబంధమైతే కథను బట్టి ఆకులను కూర్చుకోవచ్చు. పద్యానికి పద్యం స్వతంత్రమైన శతకంలో ఆ దారి కూడా మూసుకుపోతుంది.

లేఖకుని ఈ అంచనాకు దూరదేశపు వరద ఒకటి సాక్ష్యమిచ్చింది. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయాన్ని ముంచెత్తింది. లక్షలాది పుస్తకాలు, పత్రికలు బురదపాలయ్యాయి. యువకులు వాటిని చేతులు మార్చుకుంటూ బయటికి తెచ్చారు. ఎన్నింటినో పొగాకు బ్యారన్లకు తరలించి ఆరబెట్టారు. మరమ్మతుకు వెళ్ళిన ఆంగ్ల నిపుణులలో ఒకరైన క్రిస్టొఫర్ క్లార్క్‌సన్ అక్కడ ఒక సంగతి గమనించాడు. జిగురుపై అంతగా ఆధారపడక, మెత్తని చర్మపత్రపు అట్టలో కుట్టిన 16వ శతాబ్ది పుస్తకాలు తక్కిన కట్టుల కంటే మెరుగుగా నిలిచాయి. పుస్తకరక్షణ శాస్త్రంలో కట్టు నిర్మాణంపై జరిగిన చర్చకు ఈ పరిశీలన ఒక మూలం.

అక్కడ గ్రంథాలయ సూచిక కార్డులు కూడా తడిశాయి. మన వర్ణనాత్మక సూచికలు ఆకుల సంఖ్యను, పంక్తుల సంఖ్యను, ఆద్యంతాలను శ్రద్ధగా ఇస్తాయి. ప్రతి స్థితిని మాత్రం తరచు 'శిథిలం' వంటి ఒక్క మాటతో సరిపెడతాయి. కలిసిపోయిన కట్టలను విడదీసేవారికి రంధ్రాల స్థానం, ఆకు కొలత, లోపించిన పత్రసంఖ్యలు ఎక్కువ అక్కరకు వస్తాయి. ఆ సూచిక ప్రతి ఒకటి మరో ఊరిలో ఉండాలి.

19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితుల చేత పలు ప్రతులను సరిపోల్చి కాగితంపై శుద్ధప్రతులు వ్రాయించింది పాఠనిర్ణయం కోసమే. అయినా ఎన్నో కావ్యాలు ఒక్క ఇంటి అటకకు పరిమితం కాకుండా ఆ పని అడ్డుకుంది. ఇప్పుడు ఆ పనిని కెమెరా చేస్తున్నది. ఛాయాచిత్రంలో పాఠం స్పష్టంగా ఉంటే చాలుననుకొని అంచులు కత్తిరించే అలవాటు మాత్రం మానుకోవాలి. పత్రసంఖ్య ఉండేది అక్కడే.