కొన్న వీడియో గేమ్‌పై యాజమాన్యం: వినియోగదారుల హక్కుల చరిత్ర

డబ్బు చెల్లించి తీసుకున్న వీడియో గేమ్ ఎవరి సొత్తు? దాన్ని ఇంకొకరికి అమ్మవచ్చా, అరువివ్వవచ్చా? తయారీ సంస్థ మధ్యలో ఆపేస్తే ఏమని అడగాలి? ఈ ప్రశ్నల మీద అమెరికా, జపాన్, యూరప్, ఆస్ట్రేలియా, భారతదేశాల్లో కోర్టులు, చట్టసభలు, కంపెనీలు, ఆటగాళ్లు దాదాపు నలభై ఏళ్లుగా తలపడుతున్నారు. డౌన్‌లోడ్లు వచ్చాకే కొనుగోలుదారు చేతిలోంచి ఆట జారిపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి డిస్కులు డబ్బాల్లో పెట్టి అమ్ముతున్న రోజుల్లోనే అది మొదలైంది. అమ్మిన వస్తువు వస్తువుగానే ఉంది, దాని వెంట వచ్చిన ఒప్పందం మాత్రం మారింది.

కార్ట్రిడ్జ్‌ల కాలం

ఈ చరిత్రకు మూలం ఒక పుస్తకం మీద నడిచిన వ్యాజ్యం. బాబ్స్ మెరిల్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ ఒక నవలను డాలరు కంటే తక్కువకు అమ్మరాదని పుస్తకంలోనే అచ్చువేసింది. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకు అమ్మింది. ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి మీద ప్రచురణకర్తకు పెత్తనం ఉండదని 1908లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దీన్నే తొలి అమ్మకం సూత్రం అంటారు. పాత పుస్తకాల అంగళ్లు, గ్రంథాలయాలు, వీడియో క్యాసెట్ల అద్దె దుకాణాలు దీని నీడనే బతికాయి.

1977లో అటారీ తన ఇంటి గేమ్ యంత్రాన్ని విడుదల చేశాక, ఆట అంటే జేబులో పట్టే ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌గా జనానికి అలవాటైంది. దాన్ని మార్చుకోవడానికీ అమ్ముకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కంపెనీలకు ఇది మొదటినుంచీ మింగుడుపడలేదు. 1989లో నింటెండో, బ్లాక్‌బస్టర్ అనే అద్దె దుకాణాల సంస్థ మీద దావా వేసింది. అయితే ఆ దావా ఆటల అద్దె మీద కాదు, వాటితో ఇచ్చే సూచనల పుస్తకాలను జిరాక్సు తీయడం మీద. అద్దెను ఆపే చట్టం లేకపోవడంతో పుస్తకాన్ని పట్టుకుంది. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను అద్దెకివ్వడాన్ని నిషేధించింది, కానీ గేమ్ యంత్రాల కార్ట్రిడ్జ్‌లను అందులోంచి మినహాయించింది.

జపాన్‌లో పోరు సెకండ్ హ్యాండ్ దుకాణాల మీద సాగింది. వీడియో గేమ్ సినిమా కోవలోకి వస్తుంది, సినిమా ప్రతుల పంపిణీ మీద నిర్మాతకు ఉండే హక్కే తమకూ ఉంటుంది అని అక్కడి పెద్ద గేమ్ కంపెనీలు వాదించాయి. 2002 ఏప్రిల్ 25న జపాన్ సుప్రీంకోర్టు సగం ఒప్పుకుంది: గేమ్ సినిమా లాంటిదే, కానీ జనానికి ఒకసారి అమ్మేశాక ఆ పంపిణీ హక్కు తీరిపోతుంది. దాంతో పాత గేమ్‌ల వ్యాపారం అక్కడ చట్టబద్ధంగా నిలదొక్కుకుంది.

డబ్బాలో దాగిన ఒప్పందం

కంప్యూటర్ గేమ్‌ల దారి వేరు. డబ్బా విప్పాకగానీ కనబడని షరతులకు కొన్నవాడు కట్టుబడాలా అన్న ప్రశ్నకు, కట్టుబడాల్సిందేనని 1996లో ప్రోసీడీ వర్సెస్ జైడెన్‌బర్గ్ కేసులో అమెరికా అప్పీళ్ల కోర్టు జవాబిచ్చింది. షరతులు నచ్చకపోతే సరుకు వెనక్కివ్వవచ్చు కదా అన్నది కోర్టు తర్కం. విప్పిన సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తీసుకునే దుకాణాలు ఎన్ని ఉన్నాయో ఆ రోజుల్లో కొన్నవాళ్లకు బాగా తెలుసు. రెండేళ్ల తర్వాత వచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, కాపీ కాకుండా వేసిన డిజిటల్ తాళాన్ని తీయడమే తప్పని చెప్పింది.

అసలు మలుపు 2004 నవంబర్ 16న వచ్చింది. ఆ రోజు విడుదలైన 'హాఫ్ లైఫ్ 2'ను వాల్వ్ సంస్థ అంగళ్లలో డిస్కుల రూపంలోనూ అమ్మింది. డిస్కు పెట్టినంత మాత్రాన ఆట మొదలవదు. ఇంటర్నెట్‌కు కనెక్టై, వాల్వ్ నడిపే స్టీమ్ అనే సేవలో ఖాతా తెరిచి, డబ్బాలోని కోడ్‌ను అందులో నమోదు చేయాలి. ఆ కోడ్ ఒక ఖాతాకు అంటుకున్నాక మరో ఖాతాకు పనికిరాదు, ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఇల్లమ్మి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నట్టయింది వ్యవహారం.

జర్మనీ వినియోగదారుల సంఘాల సమాఖ్య దీనిమీద కోర్టుకెక్కింది. 2010 ఫిబ్రవరిలో ఆ దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు విచిత్రంగా ఉంటుంది. డిస్కును అమ్ముకోకుండా ఎవరూ ఆపడం లేదు కాబట్టి తొలి అమ్మకం సూత్రానికి భంగం లేదట. ఖాతా లేని డిస్కును కొనేవాళ్లు ఎవరూ ఉండరన్నది వేరే సంగతి అన్నట్టుగా వదిలేసింది. అదే ఏడాది అమెరికాలో, 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటగాళ్లు తమ కంప్యూటర్లోని ప్రోగ్రామ్‌కు యజమానులు కారనీ, వాడుకునే అనుమతి పొందినవాళ్లు మాత్రమేననీ మరో అప్పీళ్ల కోర్టు చెప్పింది.

డిస్కు ఉంది, పెత్తనం లేదు

2008లో వచ్చిన 'స్పోర్' గేమ్‌ను మూడు కంప్యూటర్లకు మించి ఇన్‌స్టాల్ చేయకుండా తయారీ సంస్థ కట్టడి పెట్టింది. కొన్నవాళ్లు అమెజాన్‌లో ఒక్క నక్షత్రం రేటింగులతో విరుచుకుపడ్డారు. 2010 నుంచి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, సెకండ్ హ్యాండ్ డిస్కు కొన్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఆడాలంటే వేరుగా పాస్ కొనాలంది. మూడేళ్లకు ఆ పద్ధతిని తనే ఎత్తేసింది. 2013 మార్చిలో 'సిమ్‌సిటీ' ఒంటరిగా ఆడుకునేవాళ్లకు కూడా నిరంతర ఇంటర్నెట్ తప్పనిసరి చేయగా, విడుదల రోజున సర్వర్లు చేతులెత్తేశాయి.

వీటన్నిటినీ తలదన్నింది ఎక్స్‌బాక్స్ వన్. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన నిబంధనల ప్రకారం యంత్రం 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు హాజరు వేయించుకోవాలి, లేకపోతే ఆటలు ఆగిపోతాయి. డిస్కును స్నేహితుడికి ఇవ్వవచ్చు, కానీ అతను మీ మిత్రుల జాబితాలో కనీసం 30 రోజులుగా ఉండాలి, ఒక గేమ్‌ను ఒక్కసారి మాత్రమే ఇవ్వగలరు. అప్పుడే సోనీ చిన్న వీడియో ఒకటి వదిలింది. ప్లేస్టేషన్‌లో గేమ్ పంచుకోవడమెలాగో నేర్పే వీడియో అది. ఒక ఉద్యోగి డబ్బాను పక్కవాడి చేతికిస్తాడు, పక్కవాడు థాంక్స్ అంటాడు, పాఠం అయిపోతుంది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ తన నిబంధనలను వెనక్కి తీసుకుంది. ఈ మొత్తం చరిత్రలో కొనుగోలుదారులు కోర్టు గడప తొక్కకుండా, కేవలం కొనబోమని చెప్పి సాధించిన పెద్ద విజయం ఇదొక్కటే అనవచ్చు.

2025 జూన్‌లో స్విచ్ 2 అనే గేమ్ యంత్రంతో పాటు నింటెండో తెచ్చిన గేమ్ కీ కార్డు 'హాఫ్ లైఫ్ 2' డిస్కుకు తలకిందులు. కార్డులో ఆట ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే తాళం మాత్రమే ఉంటుంది. కానీ కార్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఆడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 'హాఫ్ లైఫ్ 2' డిస్కులో సరుకు ఉండి హక్కు లేదు. ఇందులో హక్కు ఉండి సరుకు లేదు. సర్వర్ ఆగే రోజున రెండూ ఒకటే.

యూరప్, ఆస్ట్రేలియా తీర్పులు

2012 జూలై 3న యూరోపియన్ న్యాయస్థానం యూస్డ్‌సాఫ్ట్ వర్సెస్ ఒరాకిల్ కేసులో, ఒక్కసారి సొమ్ము తీసుకుని కాలపరిమితి లేకుండా ఇచ్చే లైసెన్సు అమ్మకమేనని చెప్పింది. డౌన్‌లోడ్ చేసిన ప్రతినైనా తిరిగి అమ్ముకోవచ్చు, తన దగ్గరున్న ప్రతిని పనికిరాకుండా చేస్తే చాలు. ఈ ఊతంతో యూఎఫ్‌సీ క్యూ షొజీర్ అనే ఫ్రాన్స్ వినియోగదారుల సంఘం 2015లో వాల్వ్ మీద కేసు వేసి, 2019 సెప్టెంబర్‌లో పారిస్ కింది కోర్టులో గెలిచింది. స్టీమ్‌లో కొన్న గేమ్‌ను తిరిగి అమ్ముకునే హక్కు ఉందని ఆ కోర్టు చెప్పింది.

ఆ సంబరం మూడేళ్లే. 2022లో అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది, 2024 అక్టోబర్‌లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ కొట్టివేతను ఖాయం చేసింది. గేమ్ ఒట్టి ప్రోగ్రామ్ కాదు, బొమ్మలు, సంగీతం, కథ కలిసిన సంక్లిష్టమైన కృతి, కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు వర్తించే మినహాయింపు దీనికి చెల్లదు అన్నారు. జపాన్‌లో ఓడిపోయిన వాదన ఇరవై రెండేళ్లకు పారిస్‌లో వేషం మార్చుకుని గెలిచిందన్నమాట. తేడా అల్లా, అక్కడ చేతిలో డిస్కు ఉంది, ఇక్కడ లేదు.

తిరిగి అమ్ముకునే హక్కు రాకపోయినా, పనిచేయని సరుకుకు డబ్బు తిరిగి అడిగే హక్కు మాత్రం ఆస్ట్రేలియా వల్ల బలపడింది. అక్కడి వినియోగదారుల చట్టం సాఫ్ట్‌వేర్‌ను సరుకుగా స్పష్టంగా పేర్కొంటుంది. వాపసు లేదని చెప్పి కొనుగోలుదారులను తప్పుదారి పట్టించినందుకు 2016లో ఫెడరల్ కోర్టు వాల్వ్‌కు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఈ కేసు నడుస్తుండగానే, 2015 జూన్‌లో, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడిన గేమ్‌కు ప్రపంచమంతటా డబ్బు వాపసిచ్చే పద్ధతిని స్టీమ్ ప్రవేశపెట్టింది.

సర్వర్లు ఆగినప్పుడు

అమ్ముకునే హక్కు గురించి సాగిన వాదం, 2020లు వచ్చేసరికి అసలు ఆడుకోగలమా అన్న దగ్గరికి చేరింది. గూగుల్ నడిపిన స్టేడియా అనే గేమ్ సేవ 2023 జనవరి 18న మూతపడినప్పుడు గేమ్‌లు కొన్నవాళ్లకు సొమ్ము తిరిగిచ్చారు. 2024లో సోనీ 'కాంకార్డ్' విడుదలైన రెండు వారాలకే దాన్ని ఆపేసి, డబ్బు వాపసిచ్చింది. ఇవి మర్యాదైన ముగింపులు. యూబీసాఫ్ట్ కారు పందేల గేమ్ 'ది క్రూ' ముగింపు అలా జరగలేదు.

2014 డిసెంబర్‌లో వచ్చిన ఆ గేమ్‌లో అమెరికా దేశాన్ని కుదించి గీసిన పటం మీద కారు నడపవచ్చు. ఎవరితోనూ పోటీ లేకుండా ఒంటరిగా తిరిగినా సర్వర్ కావాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సును కూడా తీసేయడంతో, ఇన్‌స్టాల్ చేసుకునే దారి సైతం మూసుకుపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. సర్వర్లను కలకాలం నడపమని అతను అడగలేదు. ఆపే రోజున ఆటను ఆడదగిన స్థితిలో వదిలి వెళ్లమన్నాడు. ఈ తేడాను విమర్శకులు తరచూ పట్టించుకోరు.

ఈ ఉద్యమం తరఫున పెట్టిన యూరోపియన్ పౌరుల విజ్ఞాపనకు కావలసిన 10 లక్షల సంతకాలు 2025 జూలైలో దాటాయి. బ్రిటన్‌లోనూ పిటిషన్ లక్ష సంతకాలు దాటి, ఆ నవంబర్‌లో పార్లమెంటు సభ్యులు చర్చించారు. చట్టం మార్చే ఆలోచన లేదని ప్రభుత్వం బదులిచ్చింది. సొంత సర్వర్లు నడుపుకొనే ఆటగాళ్ల సమాచార భద్రతకు, అక్కడ చేరే చెడు సామగ్రికి ఎవరు పూచీ అన్నది పరిశ్రమ సంఘం అభ్యంతరం. కొట్టిపారేయదగిన అభ్యంతరం కాదు గానీ, ఒంటరిగా ఆడుకునే గేమ్‌కు ఇది ఎలా అడ్డొస్తుందో వివరణ లేదు. 'ది క్రూ' తర్వాతి రెండు భాగాలకు ఇంటర్నెట్ లేకుండా ఆడుకునే వీలు కల్పిస్తామని యూబీసాఫ్ట్ 2024 సెప్టెంబర్‌లోనే ఒప్పుకుంది.

కాలిఫోర్నియా మరో కొస నుంచి పట్టుకుంది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, వెనక్కి తీసుకోగల లైసెన్సును అమ్ముతూ 'కొనండి' అని బటన్ పెట్టాలంటే, అది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా దాచుకునేలా ఇచ్చే డౌన్‌లోడ్లకు ఇది వర్తించదు. ఇన్‌స్టాలర్ ఫైళ్లను తాళాల్లేకుండా అమ్మే జీఓజీ వంటి దుకాణాలకు కలిసొచ్చిన మినహాయింపు ఇది. కొత్త హక్కేమీ రాలేదు, హక్కు లేదన్న సంగతి ముందుగా తెలుస్తుంది, అంతే.

మూతపడ్డ గేమ్‌లను బతికించే పనికి అమెరికాలో 2015 నుంచి కొంత వెసులుబాటు దొరికింది. ధ్రువీకరణ సర్వర్ ఆగిపోయిన గేమ్‌ను ఒంటరిగా ఆడుకోవడానికి తాళం తీయడం నేరం కాదన్నారు. గ్రంథాలయాలు ఇలాంటి ఆటలను దూరంగా ఉన్న పరిశోధకులకు అందించడానికి మాత్రం 2024లో అనుమతి నిరాకరించారు.

భారతదేశంలో

మన దగ్గర 1990ల్లో గేమ్ అంటే అసలు కంపెనీ ఊసే లేని నకలు యంత్రం, ఒకే కార్ట్రిడ్జ్‌లో వందల ఆటలు ఉన్నాయని చెప్పే స్టిక్కరు, గంటకింత అని తీసుకునే పార్లరు. హక్కుల ప్రశ్న గేమర్ల నుంచి రాలేదు. పన్నుల శాఖ నుంచి వచ్చింది, అదీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి. 1957 నాటి రాష్ట్ర అమ్మకపు పన్ను చట్టం కింద రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద పన్ను కట్టమన్నప్పుడు, తాము అమ్ముతున్నది చేతితో పట్టుకోలేని మేధోసంపత్తి అని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2004 నవంబర్ 5న, డిస్కులో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని తీర్పిచ్చింది. 'హాఫ్ లైఫ్ 2' విడుదలకు అప్పటికి పదకొండు రోజులే ఉంది. సరుకు కాదు, అనుమతి మాత్రమే అని ఒక చోట షరతు రాస్తుండగా, ఇక్కడ అది సరుకేనని పన్ను వసూలైంది.

2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులోనూ సుప్రీంకోర్టు ఒప్పందం పైన రాసిన పేరును కాక అసలు లావాదేవీని చూసింది. విదేశీ సంస్థ నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ ప్రతికి చెల్లించే సొమ్ము కాపీరైట్‌పై రాయల్టీ కాదు, సరుకు కొన్న ధర అంది. రెండూ పన్ను కేసులే. కొన్నవాడి హక్కుల కోసం ఎవరూ వాదించనివి.

చట్టంలో ఉన్నవి మాత్రం తక్కువేమీ కాదు. చట్టబద్ధంగా సంపాదించిన ప్రోగ్రామ్ పాడైపోకుండా నకలు తీసి పెట్టుకునే హక్కును కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఇస్తుంది. డిజిటల్ తాళం తీయడాన్ని 2012 సవరణ నేరం చేసింది, అయితే కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే. అమెరికా చట్టం కంటే ఇది మెత్తన. 2020 ఈ కామర్స్ నిబంధనల పరిధిలోకి డిజిటల్ ఉత్పత్తులు వస్తాయి. 2025 ఆగస్టు నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల చుట్టూ తిరిగిందే తప్ప, కొన్న గేమ్ ఎవరిదన్న జోలికి పోలేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందాన్ని నిర్వచిస్తూ, తగిన కారణం లేకుండా ఒక పక్షం ఒప్పందాన్ని తెంచుకునే వీలు కల్పించే షరతును అందులో చేర్చింది. ఫిర్యాదు చేయడానికి కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు, కొన్నవాడు ఉంటున్న చోటే వేయవచ్చు. కానీ అన్యాయపు ఒప్పందం మీద ఫిర్యాదును జిల్లా కమిషన్ తీసుకోదు. అయిదారు వందల రూపాయల గేమ్ కోసమైనా రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి.