గుప్పెడు బియ్యం, సాయంత్రపు చాటింపు
మిజో కొండల్లో ఒక ప్రెస్బిటీరియన్ సంఘం కథ

మన ఏజెన్సీ ఊళ్లలో కుర్రవాళ్లు సంఘం పెడతారు. మొదటి సంవత్సరం ఉత్సాహంగా నడుస్తుంది, రెండో సంవత్సరం చందా పుస్తకం కనబడదు, మూడో సంవత్సరానికి బోర్డు మాత్రం మిగులుతుంది. ఇది మనకందరికీ తెలిసిన సంగతే. ఈశాన్యంలో మిజో కొండల్లో నూరేళ్లు దాటినా సంఘాలు వారం వారం కూడుతున్నాయి, లెక్క రాస్తున్నాయి, సొంత భాషలో అచ్చు వేస్తున్నాయి. వాళ్లూ మనలాంటి గిరిజనులే. మన ముత్తాతల్లాగే కొండపోడు కొట్టి, అడవి కాల్చి, వరి చల్లినవాళ్లే. వాళ్ల సంఘ జీవితానికి నడుమ ఉన్నది ప్రెస్బిటీరియన్ చర్చి. మాలో చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఇక్కడ మేము మతం మంచిచెడ్డలు చెప్పబోవడం లేదు. ఒక గిరిజన జాతి తన ఊరి పాత అలవాట్లను కొత్త సంస్థలోకి ఎలా పట్టుకుపోయింది, ఏం దక్కించుకుంది, ఏం పోగొట్టుకుంది అన్నదే మాకు కావలసిన చరిత్ర.

1894 జనవరి 11న జె.హెచ్. లోరెయిన్, ఎఫ్.డబ్ల్యు. సావిడ్జ్ అనే ఇద్దరు ఆంగ్లేయ మిషనరీలు పడవ మీద లుషాయి కొండలకు వచ్చారు. మిజోరాంను అప్పుడు లుషాయి కొండలనేవారు. ఆ కొండలు బ్రిటిషు వాళ్ల చేతికి చిక్కి అప్పటికి నాలుగైదేళ్లే. మిజో భాషకు అప్పుడు రాత లేదు. ఈ ఇద్దరూ రోమన్ అక్షరాలతో రాత కట్టారు. అదే ఏడు ఏప్రిల్‌లో చిన్న బడి తెరిస్తే ఇద్దరు విద్యార్థులు చేరారు, సువాకా, థాంగ్‌ఫుంగా. 1895లో మొదటి వాచకం అచ్చయింది. 1898 నాటికి వ్యాకరణంతో కూడిన నిఘంటువు వచ్చింది. అంతలోనే వాళ్లిద్దరూ వెళ్లిపోగా, వాళ్లు వదిలిన పని 1897లో వచ్చిన డి.ఇ. జోన్స్ అనే వేల్సు దేశస్థుడి చేతికి వచ్చింది. వేల్సు ప్రెస్బిటీరియన్లు 1841 నుంచే పక్కనున్న ఖాసీ కొండల్లో పని చేస్తున్నారు. లోరెయిన్, సావిడ్జ్ 1903లో తిరిగి వచ్చి దక్షిణాన లుంగ్లే వైపు బాప్టిస్టు సంఘం పెట్టారు. అందుకే నేటికీ మిజోరాం ఉత్తరాన ప్రెస్బిటీరియన్లు, దక్షిణాన బాప్టిస్టులు ఎక్కువ.

మొదటి బాప్తిస్మాలు 1899లో జరిగాయి, తీసుకున్నవారు ఇద్దరే. ఆ తర్వాత కూడా జనం ఎగబడి చేరలేదు. 1906లో పదిమంది మిజోలు కాలినడకన ఖాసీ కొండల్లోని మైరాంగ్ సభకు వెళ్లి వచ్చాక సంఘంలో కదలిక మొదలైంది. దానికి ఎదురు కూడా వచ్చింది. 1908లో ‘పూమా జాయ్’ అనే పాట ఊరూరా పాకింది. దొరల ఇళ్ల ముంగిట విందులు, ఆటలు, పాటలు మళ్లీ లేచాయి. పాత జీవితం అంత తేలికగా పక్కకు జరగలేదన్నమాట. పైనుంచి ఒకడు వచ్చి చెప్పగానే గిరిజనులు తలలూపారని రాసే చరిత్రలను అందుకే మేము నమ్మం. 1911–12లో వెదురు పూసింది. వెదురు పూస్తే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగితే పంట మిగలదు. ఆ కరువును మిజోలు ‘మౌతామ్’ అంటారు. గింజ లేని ఆ రోజుల్లో మిషన్ వాళ్లు చేసిన సాయం జనం మనసులో నిలిచిపోయింది.

గింజ దగ్గరే ఈ కథలో అసలు విషయం ఉంది. కరువుకు ముందే, 1910లో, మిజో సంఘంలో స్త్రీలు ‘బుహ్‌ఫై థామ్’ మొదలుపెట్టారు. బుహ్‌ఫై అంటే దంచిన బియ్యం, థామ్ అంటే గుప్పెడు. పూటపూటా అన్నం వండే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. సంఘం స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసి అమ్ముతారు. వచ్చిన డబ్బు సంఘం లెక్కలో జమ. పద్ధతి అంతే. ఇందులో బీదా బిక్కీ తేడా పెద్దగా రాదు. చేతిలో నాణెం లేని ఇంట్లో కూడా పొయ్యి వెలిగిన పూట గుప్పెడు గింజలు ఉంటాయి. పైగా అది వండే మనిషి చేతిలోంచి వచ్చే చందా, దానికి మగవాడిని అడగక్కరలేదు. ఈ గుప్పెడు గింజలే ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలవుతున్నాయి. పాస్టర్ల జీతాలకు, దూర రాష్ట్రాలకు పంపే సువార్తికుల ఖర్చుకు ఆ డబ్బు వెళుతుంది. బయటి దేశపు మిషన్ డబ్బు ఆగిపోయిన తర్వాత కూడా సంఘం నిలబడిందంటే కారణాల్లో ఇది పెద్దది.

ఇక్కడ మా మాట ఒకటి చెప్పాలి. గుప్పెడు బియ్యం తీసింది ఆడవాళ్లు, సంఘాన్ని పోషించింది ఆడవాళ్లు. కాని దశాబ్దాల తరబడి వాళ్లకు పాస్టరు అభిషేకం ఇవ్వలేదు. సంఘపెద్దల కుర్చీలు కూడా దాదాపుగా మగవాళ్లవే. మిజో స్త్రీలలోనే ఈ ప్రశ్న చాలా కాలంగా ఉంది. మన ఊళ్లలో కులపెద్దల పంచాయితీలో ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారో మనకు తెలుసు కాబట్టి, వాళ్లను వేలెత్తి చూపే ముందు మన చాప వైపు కూడా చూసుకోవాలి.

సంఘపెద్దలన్న మాట వచ్చింది కాబట్టి దాని వెనుక కథ కూడా చెబుతాం. ప్రెస్బిటీరియన్ పద్ధతిలో బిషప్పు ఉండడు. సభ్యులు ఓటు వేసి పెద్దలను ఎన్నుకుంటారు. ఆ పెద్దలూ పాస్టరూ కలిసి సంఘాన్ని నడుపుతారు. ఒక్కో పాస్టరు కింద అనేక ఊళ్ల సంఘాలు ఉంటాయి కనుక, వారం వారం ఊళ్లో పని నడిపేది పెద్దలే. ఈ పెద్దను మిజోలో ‘ఉపా’ అంటారు. ఇది చర్చి పుట్టించిన మాట కాదు. చర్చి రాకముందు ఊరి దొర పక్కన కూర్చుని తగవులు తీర్చే సలహాదారుల పేరు అది. దొర తన ఉపాలను తనే ఏరుకునేవాడు, సంఘం మాత్రం ఓటుతో ఎన్నుకుంది. 1954లో చట్టం చేసి దొరల హక్కులు తీసేసే నాటికే మిజోలకు ఓటు వేసి పెద్దను ఎన్నుకోవడం అలవాటైపోయింది. మాట పాతది, పని కొత్తది. జనానికి ఆ మాట పరాయిగా అనిపించలేదు.

చాటింపు కథ కూడా ఇలాంటిదే. మిజో ఊళ్లో ‘త్లాంగౌ’ అనే మనిషి ఉండేవాడు. చీకటి పడ్డాక ఊళ్లో నిలబడి, రేపు ఎవరు ఏ పనికి రావాలో, దొర ఏమన్నాడో గొంతెత్తి చెప్పేవాడు. విశాఖ ఏజెన్సీలో బారిక చేసిన పని అదే. మైదానపు ఊళ్లలో టముకు వేసి చాటింపు చేసేవారు. 1911లో ప్రెస్బిటీరియన్ సంఘం మిజో భాషలో ఒక పత్రిక పెట్టి దానికి ‘క్రిస్టియన్ త్లాంగౌ’ అని పేరు పెట్టింది. ఊరి చాటింపు మనిషి కాగితం మీదికి ఎక్కాడు. ఆ పత్రిక నూరేళ్లు దాటింది.

నోటి చాటింపు కూడా పోలేదు. ఐజ్వాల్ పట్నంలో సైతం పేటపేటకూ లౌడ్‌స్పీకరు ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి రాబోయే పనులన్నీ వినబడతాయి: ఎవరింట్లో చావు జరిగింది, సమాధి తవ్వడానికి కుర్రవాళ్లు ఎప్పుడు రావాలి, దారి బాగు చేయడానికి ‘హ్నత్లాంగ్’ ఏ రోజు. హ్నత్లాంగ్ అంటే ఊరంతా కూలి లేకుండా కలిసి చేసే పని. మనం బదులు పని అంటాం, అయితే మనది ఇంటికి ఇల్లు, అది ఊరికి ఊరు.

చర్చిలో చెప్పే పనుల పట్టిక ఇంకా పొడుగు. ఆదివారం పొద్దున్న సండేస్కూలు. అది పిల్లలకే కాదు, తాతలకూ నానమ్మలకూ తరగతులున్నాయి, ఏడాదికోసారి పరీక్షలూ ఉన్నాయి. ఆ తర్వాత మధ్యాహ్నం, రాత్రి ఆరాధనలు. సోమవారం రాత్రి యువజనుల కూటమి. దాన్ని ‘క్రిస్టియన్ థాలాయ్ పాల్’ అంటారు, 1954లో పుట్టింది. మంగళవారం రాత్రి స్త్రీల కూటమి. శనివారం రాత్రి మళ్లీ ప్రార్థన. ఇంకా పాటల బృందం సాధన, కమిటీ కూర్చోవడం, మండల సభలు, ఏడాది చివర సినడ్ సభ. వారంలో ఖాళీ రాత్రులను వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఇంత కట్టుదిట్టం ఊపిరాడనివ్వదని నేటి మిజో యువకులు కొందరు అనుకుంటే మాకు ఆశ్చర్యం లేదు. ఒక్క గొడుగు కింద అందరూ ఉన్నచోట, గొడుగు వద్దన్నవాడు తడవక తప్పదు.

చావు దగ్గర మాత్రం ఆ కట్టుబాటు విలువ తెలుస్తుంది. మిజో ఊళ్లో మనిషి పోతే ఆ ఇంటివాళ్లు ఏ పనికీ కదలనక్కరలేదు. యువకులు సమాధి తవ్వుతారు. రాత్రంతా ఇరుగుపొరుగు ఆ ఇంట్లో కూర్చుని పాడతారు, తర్వాతి రాత్రులూ వస్తారు. ఈ పనులు నడిపేది చర్చి ఒక్కటే కాదు. 1935 జూన్ 15న మిషనరీలు, మిజో పెద్దలు కలిసి ‘యంగ్ లుషాయి అసోసియేషన్’ పెట్టారు. తర్వాత అదే ‘యంగ్ మిజో అసోసియేషన్’ అయింది. అందరూ వై.ఎం.ఏ. అంటారు. ఎందుకు పెట్టవలసి వచ్చిందన్నది గమనించాలి. పూర్వం మిజో ఊరి నడుమ ‘జాల్‌బూక్’ అనే పెద్ద ఇల్లు ఉండేది. పెళ్లికాని మగపిల్లలు రాత్రి అక్కడే పడుకోవాలి. పెద్దల మాట వినడం, వేట, కుస్తీ, కథలు, ఆపదలో ముందు పరుగెత్తడం అన్నీ అక్కడే నేర్చేవారు. గోండులలో, మురియాలలో ఘోటుల్ గురించి విన్నవాళ్లకు దీని పోలిక తెలుస్తుంది, అయితే జాల్‌బూక్ మగపిల్లలకే. బడులు, చర్చి వచ్చాక జాల్‌బూక్ పాడుపడింది. అధికారులు నిలబెట్టాలని చూసినా సాగలేదు. 1938కి అది ముగిసింది. అది నేర్పిన గుణానికి మిజోలో ‘త్లామ్‌ఙైహ్నా’ అని పేరు, తన సంగతి పక్కన పెట్టి ఎదుటివాడి అవసరానికి ముందుకు రావడం. ఇల్లు పోయినా ఆ గుణం పోకూడదని వై.ఎం.ఏ. పుట్టింది. అరవై ఏళ్లు వచ్చినవాళ్లు దాన్ని తిరిగి కట్టలేదని బాధపడటం కంటే, ఇరవై ఏళ్లవాళ్లకు వేరే ఇల్లు చూపించడం మేలని ఆనాటి పెద్దలు గ్రహించారు.

డోలు కథ అంత సుఖంగా సాగలేదు. మిజో డోలును ‘ఖువాంగ్’ అంటారు. కల్లు విందులకు, పాత పూజలకు సంబంధించినదని మొదటి రోజుల్లో దాన్ని చర్చి గడప తొక్కనివ్వలేదు. వేల్సు బాణీల్లో, సోల్ఫా గుర్తులతో పాడాలి. పాడారు కూడా, ఇవాళ మిజో పాటల బృందాల పేరు దేశమంతా తెలుసు. కాని ఆ బాణీలు జనం గొంతులో పూర్తిగా ఇమడలేదు. 1919–20 ప్రాంతంలో మరోసారి ఉజ్జీవం లేచినప్పుడు పటేయా, కామ్‌లాలా వంటి మిజో కవులు తమ భాషలో, తమ దుఃఖపు బాణీలో పాటలు కట్టారు. వాటితో డోలు లోపలికి వచ్చింది. గుండ్రంగా నిలిచి మెల్లగా అడుగులేసే ఆట కూడా వచ్చింది. ఎవరూ అనుమతి పత్రం ఇవ్వలేదు, జనమే తెచ్చుకున్నారు. ఇప్పుడు డోలు లేని మిజో చర్చి ఊహకు అందదు. మన థింసా డప్పులను, కొమ్ముబూరలను అనాగరికమని బడిలో వేదిక దించినవాళ్లు ఈ ముక్క చదవాలి.

1966 మార్చిలో మిజో తిరుగుబాటు లేచినప్పుడు ఐజ్వాల్ మీద విమానాలు బాంబులు వేశాయి. మరుసటి ఏడాది నుంచి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి, రోడ్ల పక్క కంచెల మధ్యకు తరలించారు. ఇళ్లతోపాటు చర్చిలూ కాలాయి. పోడు పోయింది, పొరుగు చెదిరింది. కొత్తచోట కూడా జనం ముందుగా చేసిన పనుల్లో సంఘం కూర్చోవడం ఒకటి. చర్చి పెద్దలు ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ నడుమ మాటలు మోశారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1986 జూన్ 30న, ఒప్పందం కుదిరింది. 1987 ఫిబ్రవరిలో మిజోరాం రాష్ట్రమైంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. లోరెయిన్ ఐజ్వాల్‌లో మిజో మాటలు పోగుచేస్తున్న ఆ కాలంలోనే, మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర మాటలు పోగుచేస్తున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు, సవరలో పుస్తకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. 1936లో మంగయి గొమాంగో సవరకు సొంత లిపే కట్టారు. మిజోకు ఉన్నవన్నీ సవరకూ వచ్చాయి, పైగా ఒక లిపి ఎక్కువ. అయినా ఇవాళ ఐజ్వాల్‌లో పొద్దున్నే మిజో దినపత్రిక ఇంటికి వస్తుంది, విశ్వవిద్యాలయంలో మిజో చదువుకోవచ్చు. సవరకు అది లేదు.

కారణాలు ఒకటి రెండు కావు. మిజోలు తమ కొండల్లో తామే ఎక్కువ. 2011 జనగణనలో అక్కడ నూటికి తొంభైనాలుగు మంది షెడ్యూల్డు తెగలవారు. బయటివాళ్లు చొరబడకుండా ఇన్నర్ లైన్ అడ్డుకట్ట ఉంది. సవరలను ఒడిశాకూ ఆంధ్రకూ మధ్య గీత రెండుగా చీల్చింది. వీటిని కాదనలేం. కాని ఇంకొకటి ఉంది. మిజో భాషకు ప్రతి రాత్రీ పని ఉండేది. సండేస్కూలు పరీక్ష ఆ భాషలో రాయాలి, గుప్పెడు బియ్యం లెక్క ఆ భాషలో కట్టాలి, సమావేశం తీర్మానం ఆ భాషలో చదివి వినిపించాలి. చదవడం రాని ముసలమ్మ కూడా పాటల పుస్తకం కోసం అక్షరాలు నేర్చుకుంది. 2011లో మిజోరాం అక్షరాస్యత 91 శాతం దాటింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. మంచి పుస్తకాలు, మన ఉపాధ్యాయులే కూర్చుని రాశారు. అవి ప్రాథమిక తరగతులు దాటి పోలేదు. బడిగంట కొట్టాక ఆ అక్షరాలతో పిల్లవాడికి ఊళ్లో పనేమీ ఉండదు. మహిళా సంఘం తీర్మానం తెలుగులో, పొదుపు పుస్తకం తెలుగులో, గ్రామసభ నోటీసు తెలుగులో. సీతంపేట వైపు సవర గూడెంలో పొదుపు లెక్క సవరలో రాసుకోవడానికి అడ్డం వచ్చే చట్టం ఏదీ లేదు.