ట్రైపాడ్ హెడ్: లక్షల కెమెరా ఆగేది దీని మీదే.. ఏళ్ల తరబడి మన్నాలంటే ఇలా చేయండి!

కెమెరాకు లక్ష, లెన్స్‌కు మరో లక్ష పెడతారు. కానీ ఆ రెండింటినీ మోసే ట్రైపాడ్ హెడ్‌ను చాలామంది పట్టించుకోరు. స్టాండ్ కాళ్లకు, కెమెరాకు మధ్య ఉండే భాగమే హెడ్. కాళ్లు ఎంత గట్టివైనా హెడ్ జారితే కెమెరా ముందుకు వాలిపోతుంది. బరువంతా ఒకవైపు పడి స్టాండ్ కూడా ఒరిగిపోవచ్చు. అయితే హెడ్ సాధారణంగా ఒక్కరోజులో పాడవదు. ముందే సంకేతాలిస్తుంది. అవేంటో చూద్దాం.

ఏ హెడ్ ఎలా పాడవుతుంది?

బాల్ హెడ్: లోపల ఉన్న గుండ్రటి బంతిని నాబ్ బిగించి పట్టుకుంటుంది. రాపిడి వల్లే బంతి కదలకుండా ఉంటుంది. బిగుసుకుపోతోంది కదా అని నూనె వేస్తే ఆ పట్టే పోతుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

ఫ్లూయిడ్ హెడ్: వీడియో వాళ్లు ఎక్కువగా వాడేది ఇదే. ఆస్ట్రేలియాకు చెందిన ఎరిక్ మిల్లర్ 1940ల్లో దీనికి శ్రీకారం చుట్టారు. లోపలి చిక్కటి ద్రవం వల్లే కెమెరా కుదుపు లేకుండా తిరుగుతుంది. లాక్ తీయకుండా హ్యాండిల్‌ను బలంగా లాగడమే దీనికి పెద్ద దెబ్బ. లాక్ అరిగిపోతుంది. జిడ్డు బయటికి కారుతుంటే సొంతంగా విప్పకుండా సర్వీస్‌కు ఇవ్వాలి.

పాన్-టిల్ట్ హెడ్: ఒక్కో దిశకు ఒక్కో హ్యాండిల్ ఉంటుంది. చవక రకాల్లో ప్లాస్టిక్ భాగాలే ముందు పగులుతాయి.

బరువు లెక్కలో మతలబు

డబ్బా మీద '5 కిలోలు' అని ఉంటే సరిపోతుందనుకోవద్దు. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది. పైగా కెమెరా నిటారుగా ఉన్నప్పుడు పడే భారం వేరు, పొడవాటి లెన్స్‌తో కిందికి వంచినప్పుడు పడే భారం వేరు. అందుకే మీ కెమెరా, లెన్స్ కలిపిన బరువుకు కనీసం రెట్టింపు మోసే హెడ్ తీసుకోవడం మంచిది.

ఇసుక, ఉప్పుగాలితో జాగ్రత్త

విశాఖ బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్ చేసి వచ్చాక హెడ్‌ను అలాగే బ్యాగులో పడేస్తే అంతే సంగతులు! ఉప్పు స్క్రూలను తుప్పు పట్టిస్తుంది. ఇసుక రేణువు బంతి మీద గీతలు పెడుతుంది. ముందు బ్రష్‌తో ఇసుక దులపాలి. తర్వాత మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టాలి.

ఇంట్లోనే 10 నిమిషాల టెస్ట్

కింద పరుపు వేసి, మీ దగ్గరున్న బరువైన లెన్స్‌ను బిగించండి. కెమెరాను కొద్దిగా కిందికి వంచి, గోడ మీద ఒక గుర్తును ఫ్రేమ్ మధ్యలో పెట్టి లాక్ చేయండి. నాబ్ వదలగానే కాస్త దిగడం చాలా హెడ్‌లలో మామూలే. కానీ 10 నిమిషాల పాటు దిగుతూనే ఉంటే లాక్ పట్టు తగ్గినట్టే. శుభ్రం చేసినా మారకపోతే ఆ హెడ్‌పై ఖరీదైన కెమెరా పెట్టొద్దు.

కొనేముందు ఇవి చూడండి

హెడ్‌ను కాళ్లకు బిగించే స్క్రూ సాధారణంగా 3/8 అంగుళం, కెమెరా స్క్రూ 1/4 అంగుళం ఉంటాయి. కొత్త హెడ్ మీ స్టాండ్‌కు సరిపోతుందో లేదో చూసుకోండి. ప్లేట్ విషయంలో ఆర్కా-స్విస్ రకమైతే నయం. పోయినా వేరే కంపెనీది దొరుకుతుంది. విడిభాగాలు దొరకని హెడ్ ఎంత గట్టిదైనా, చిన్న నాబ్ విరిగితే మూలన పడాల్సిందే.